తాతగారి 1974 బుల్లెట్‌ని బాబర్ చేయించాలనుంది, చాసిస్ కోయించొచ్చా?

కొల్లేటి_కుర్రోడు
మా తాతగారి బుల్లెట్ 350, 1974 మోడల్, కైకలూరు దగ్గర మా ఊళ్లో గొడ్లచావిడిలో మూలన పడుంది. ఆయన పోయాక ఎవరూ బయటికి తీయలేదు. టైర్లు చివికిపోయాయి, సీటు ఎలుకలు కొట్టేశాయి, ట్యాంకు నిండా తుప్పు. కానీ కిక్ తొక్కితే పిస్టన్ కదులుతోంది, జామ్ అవలేదు. దీన్ని బాబర్ చేయించాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. సింగిల్ సీటు, వెనక లావు టైరు, మడ్‌గార్డులు పొట్టివి, మొత్తం మ్యాట్ బ్లాక్. ఒక మోడిఫికేషన్ షాపు వాళ్లు ఫోటోలు చూసి లక్షా ఇరవై అన్నారు, చాసిస్ వెనక భాగం కోసి వెల్డింగ్ చేయాలట, ఇంజిన్ పని లెక్క వేరే. మా నాన్నేమో "ఆ బండి మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అంటారు, పోనీ ఆయన బాగుచేయిస్తారా అంటే అదీ లేదు. ఎవరైనా చేయించినవాళ్లుంటే చెప్పండి, ఎంతవుతుంది, ఆర్సీకి ఇబ్బంది వస్తుందా, అసలు అంత డబ్బు పెట్టొచ్చా?

ఆటోనగర్_లేత్
కోయించొద్దు. మిగతాది రాత్రికి రాస్తా, పని మీద ఉన్నా.

సిరిపురం_స్క్రాంబ్లర్
నేనైతే చేయించమనే అంటా. చావిడిలో తుప్పు పట్టే బండి కంటే రోడ్డు మీద తిరిగే బండి నయం. నాది 1992 బుల్లెట్, స్క్రాంబ్లర్ చేయించుకున్నా, పైకెత్తిన సైలెన్సర్, వెడల్పు హ్యాండిల్, బటన్ టైర్లు. భీమిలి రోడ్డులో ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అలాగే ఉంచేసి ఉంటే ఈపాటికి తూకానికి పోయేది.

పాతబండి_పిచ్చోడు
స్క్రాంబ్లర్ బ్రో, 1992 బండి వేరు, 1974 వేరు. 92 బళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. 74వి, అదీ మొదటి ఓనర్ ఇంట్లోనే ఉన్నవి ఎన్ని మిగిలాయి? ఆ రేకు మందం చూడు ఒకసారి, గోరుతో కొడితే వచ్చే చప్పుడే వేరు. ఇప్పుడు మార్కెట్లో అమ్మే మడ్‌గార్డులు బొటనవేలితో నొక్కితే సొట్ట పడతాయి. ఆ ఒరిజినల్ మడ్‌గార్డుల్ని కట్ చేయిస్తానంటే నాకు ఏడుపొస్తోంది. పైగా 50 ఏళ్లు దాటిన బండి అది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుంది. కోశావంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

కొల్లేటి_కుర్రోడు
వింటేజ్ రిజిస్ట్రేషన్ అంటే ఏంటి? నేనెప్పుడూ వినలేదు. ఇది మామూలు ఆర్సీ, మూడు ఇంగ్లిష్ అక్షరాల పాత నంబరు. రెన్యువల్ ఎప్పుడో అయిపోయింది.

సెక్షన్_52
నేను వకీలుని కాదు, ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నది చెప్తా.

2021 జులైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ బళ్లకి వేరే ఏర్పాటు పెట్టారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు దాని కిందకి వస్తాయి. షరతు ఏంటంటే బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, మళ్లీ చేయించుకోడానికి 5,000. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. పదేళ్లు చెల్లుతుంది. ముందే నంబరున్న బండికి ఆ పాత నంబరే ఉంచుకోవచ్చు. చాలామంది దీని జోలికి వచ్చేదే అందుకోసం.

అయితే పిచ్చోడు అన్న చెప్పని సంగతి ఒకటుంది. వింటేజ్ కింద ఎక్కిస్తే ఆ బండిని రోజువారీ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి, అంతే. ఆఫీసుకి వేసుకెళ్తా అంటే కుదరదు.

ఇక బాబర్ సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకి, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించాక, అలా మార్పించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. రంగు మార్చడం కూడా ఆర్సీలో ఎక్కించుకోవాల్సిందే. సింగిల్ సీటు అంటావా, నీ ఆర్సీలో సీటింగ్ 2 అని ఉంటుంది చూసుకో.

గోదారోడు_86
సెక్షన్ 52 గారు వచ్చారంటే ఆ చర్చలో సరదా అయిపోయినట్టే 😀

సిరిపురం_స్క్రాంబ్లర్
నేను చెప్పేది కూడా అదేగా! వింటేజ్ నంబరు వేయించుకుని బండిని ముసుగేసి పండగ పండక్కీ తీయాలా? తాతగారు దాన్ని పొలానికి, సంతకి తిప్పారు, షోకేసులో పెట్టలేదు. ఇక జరిమానా అంటారా, నన్ను సైలెన్సర్ గురించి తప్ప ఇంకోదాని గురించి ఎవరూ ఆపలేదు.

సెక్షన్_52
ఆపలేదు కాబట్టి తప్పు కాదని కాదు. రేపు యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ వాళ్లు బండి చూడ్డానికి వస్తే అప్పుడు తెలుస్తుంది. క్లెయిమ్ ఎగ్గొట్టడానికి వాళ్లకి దొరికే మొదటి సాకు ఇదే.

ఓరుగల్లు_డుగ్‌డుగ్
సైలెన్సర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. తీసేసిన సైలెన్సర్లు రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్ రోలర్ ఎక్కించే వీడియోలు చూసిండ్రు కదా, హైదరాబాద్‌ల చేసిండ్రు, వైజాగ్‌ల చేసిండ్రు. మా దోస్తుగాని ఇందోరి సైలెన్సర్ (పెద్ద చప్పుడు చేసేది) అట్లనే పోయింది. వాడు ఆ ఫోటోల తన సైలెన్సర్ ఏదో వేలు పెట్టి చూపిస్తుండు, పెద్ద ఘనకార్యం లెక్క.

ఆటోనగర్_లేత్
ఇప్పుడు తీరింది. షాపు వాళ్లు నీకు ఇంజిన్ పని "వేరే" అన్నారు చూడు, అసలు కథంతా అక్కడుంది తమ్ముడూ. మీరందరూ సీటు, రంగు, టైరు అని కొట్టుకుంటున్నారు.

అది క్యాస్ట్ ఐరన్ ఇంజిన్. 70 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 90 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. పిస్టన్ కదులుతోంది అంటే సంతోషమే, కానీ అన్నేళ్లు నిలబడ్డ బండిలో సంపు అడుగున, క్రాంకు లోపలి దారుల్లో ఆయిలు తారులా గట్టిపడిపోయి ఉంటుంది. ఉత్సాహం కొద్దీ కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేశావంటే ఆ మురికి కదిలి ఆయిల్ దారి మూసేస్తుంది, బిగ్ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు) పోతుంది. ఆ ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్ కింద ఫ్లోటింగ్ బుష్ ఉంటుంది, దానికి ఆయిల్ కాసేపు అందకపోయినా ఓర్చుకోదు. ఎలాగూ విప్పుతావు కాబట్టి రోలర్ బేరింగ్ కిట్ వేయించుకోవచ్చు, చాలామంది అదే చేస్తున్నారు. కానీ క్రాంకు ప్రెస్ చేసి ట్రూయింగ్ (వంకర లేకుండా సరిచేయడం) పట్టే చెయ్యి మంచిదై ఉండాలి. డయల్ గేజి లేకుండా సుత్తితో కంటి అంచనాకి కొట్టేవాడి దగ్గర ఇవ్వకు, ఎంత పేరున్నవాడైనా సరే.

బోరు కొలిపించు. ముందే ఎన్నిసార్లు బోరింగ్ అయిందో పిస్టన్ తల మీద నంబరు చూస్తే తెలుస్తుంది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 20, 40, 60 సైజులు వస్తాయి. 60 ఎక్కేసి ఉంటే ఇక స్లీవ్ (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయాలి. వాల్వ్ గైడ్లు ఎలాగూ పోయే ఉంటాయి. నా లెక్కన ఇంజిన్, గేర్‌బాక్స్ సరిగా చేస్తే నలభై వేలు ఎటూ పోవు. కాబట్టి లక్షా ఇరవై కాదు, లక్షా అరవై అనుకో.

చాసిస్ కోయించొద్దన్నది నంబరు కోసమో, వింటేజ్ కోసమో కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక బండికి ఎక్కడో వెనక లూప్ (సీటు కింది వంపు పైపు) కోసి సన్న పైపు వెల్డింగ్ చేశారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. షాకబ్జార్బర్ పై బోల్టు దగ్గర పగులు వచ్చింది, మ్యాట్ పెయింట్ కింద కనపడకుండా. వాషింగ్ చేసి రంగు కొంచెం గీకితే వెంట్రుకంత గీత, గోరు పెడితే దిగుతోంది. ఆ బండి మీద మనిషి అరవైలో పోతున్నాడు. బుల్లెట్ వైబ్రేషన్‌కి మామూలు నట్లే నిలవవు, ఆ వెల్డింగ్ ఏం నిలుస్తుంది?

బోల్టులతో ఎక్కేవి, బోల్టులతో దిగేవి మాత్రమే పెట్టుకో. స్ప్రింగ్ సింగిల్ సీటు, హ్యాండిల్, పొట్టి మడ్‌గార్డులు (కొత్తవి కొని, పాతవి అటక మీద పెట్టు), స్పోక్ చక్రాలు. ఎప్పుడైనా వెనక్కి మార్చుకోవచ్చు.

పాతబండి_పిచ్చోడు
లేత్ గారికి దండం. నేను పేజీలు పేజీలు రాసినా ఇలా చెప్పలేను.

కొల్లేటి_కుర్రోడు
మరి లావు టైరు? బాబర్ అంటేనే వెనక లావు టైరు కదా అన్నా, అది లేకపోతే సీటు పోయిన మామూలు బుల్లెట్‌లా ఉంటుంది.

ఆటోనగర్_లేత్
నీ బండికి ముందు వెనక రెండూ 3.25-19 (3.25 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల రిమ్ము). వెనక 3.50 పడుతుంది. అంతకు మించి అంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు) వెడల్పు చేయాలి, లేకపోతే చెయిన్ టైరుకి రాసుకుంటుంది. చెయిన్ని పక్కకి జరపాలంటే స్ప్రాకెట్ జరపాలి, అప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద లోడు మారుతుంది. ఒకటి పట్టుకు లాగితే అన్నీ వస్తాయి.

గోదారోడు_86
లావు టైరుతో మా భీమవరం కుర్రాడు ఒకడు చేయించాడు. చూడ్డానికి రాజాలా ఉంటుంది. మలుపులో మాత్రం బండి వంగనంటుంది, వీడు వంగుతాడు.

నెల్లూరు_నీల
ఎవరూ అడగట్లేదు కానీ, కొల్లేటి తమ్ముడూ, నువ్వు ఎప్పుడైనా కుడి గేరు బండి నడిపావా? 1974 బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడు కిందకి. రోజూ మామూలు బండి నడిపే మనిషి కంగారులో కుడి కాలు తొక్కుతాడు, బ్రేకు పడదు, గేరు పడుతుంది. నాన్న బండి నేను నడపడం మొదలుపెట్టినప్పుడు మా కాలనీ గ్రౌండులో బ్రేకు ఒక్కటే ప్రాక్టీస్ చేయించారు, రోడ్డెక్కనివ్వలేదు. లావు టైరు కంటే ముందు ఆ డ్రమ్ బ్రేకు లైనర్లు మార్పించు, డ్రమ్ము స్కిమ్మింగ్ (లోపలివైపు లేత్ మీద నున్నగా చెక్కడం) చేయించు.

స్టార్టింగ్ కూడా నేర్చుకో. తాళం ఆన్ చేసి కిక్ మెల్లగా తొక్కుతూ హెడ్‌లైట్ పైనున్న యాంపియర్ మీటర్ చూడాలి. ముల్లు మైనస్ వైపు పోయి మళ్లీ మధ్యకి వస్తుంది, పాయింట్లు (స్పార్కు ఇచ్చే స్విచ్చు) తెరుచుకున్నాయని గుర్తు, కాలికి కూడా గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపి, డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే లివరు) నొక్కి పిస్టన్ కొంచెం దాటించి, వదిలేసి, అప్పుడు ఒక్కటే తొక్కు పూర్తిగా. ఇది తెలియక గుడ్డిగా తన్నేవాళ్లని అది తిరిగి తంతుంది. మా బాబాయి మడమ వాచి మంచం మీద పడుకున్నాడు, బండి తప్పు ఏం లేదు పాపం.

ఓరుగల్లు_డుగ్‌డుగ్
అక్కా, గేరు ఎడమకు మార్చే లింకేజీ కిట్లు వస్తయ్ కదా?

నెల్లూరు_నీల
వస్తాయి. మజ్జిగ చిలికినట్టు ఉంటుంది గేరు, ఎక్కడ పడిందో తెలియదు. వద్దు.

బర్మింగ్‌హామ్_బావ
నేను ఉండే చోటు నుంచి రెడ్డిచ్ అరగంట. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది అక్కడే, ఇక్కడి ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా మాత్రం అదే డిజైను లాక్కుంటూ వచ్చి, 1977 నుంచి ఇక్కడికే తిరిగి ఎగుమతి చేసింది. అందుకే మన ఇండియా బుల్లెట్లకి ఇక్కడ పెద్ద గుంపు ఉంది. వాళ్ల ఆదివారం మీటింగుల్లో చూస్తుంటా, బాబర్లూ ఉంటాయి, కేఫ్ రేసర్లూ ఉంటాయి, తుడిచి తుడిచి మెరిసే ఒరిజినల్ బళ్లూ ఉంటాయి, ఎవరూ ఎవరినీ తిట్టుకోరు. మనవాళ్లే ఇలా.

పనికొచ్చే మాట ఒకటి. 74 బండి అంటే 6 వోల్టులు. హెడ్‌లైటు మిణుగురు పురుగులా ఉంటుంది, రాత్రి కొల్లేటి గట్టు మీద దాంతో పోలేవు. 12కి మార్పించుకో, స్టేటర్, రెగ్యులేటర్, బ్యాటరీ, బల్బులు, హారన్. వైరింగ్ ఎలాగూ ఎలుకలు తినేసి ఉంటాయి కాబట్టి కొత్త హార్నెస్ వేయించు. ఇది బయటికి కనపడని మార్పు, రోజూ ఉపయోగపడే మార్పు. పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకునేవాళ్లు ఇక్కడ చాలామంది.

ఆటోనగర్_లేత్
12 వోల్టులకి నా ఓటు. ఎలక్ట్రానిక్‌కి మాత్రం కాదు. పాయింట్లయితే పోలవరం దారిలో ఆగినా గీరుకోడానికి ఎమరీ పేపరు ముక్క చాలు. ఎలక్ట్రానిక్ పోతే బండి ఆటోలో ఎక్కించాలి.

బర్మింగ్‌హామ్_బావ
ఎలక్ట్రానిక్ పోదండీ అంత తేలిగ్గా.

ఆటోనగర్_లేత్
మీ చలిదేశంలో పోదు. మే నెలలో విజయవాడ రండి.

గోదారోడు_86
🤣🤣 ఈ మాటకి లైక్ కొట్టడానికే లాగిన్ అయ్యా

రాజ్‌దూత్_రాజు
అందరూ బుల్లెట్ బుల్లెట్ అంటారు. మా తాతది డీజిల్ బుల్లెట్, టారస్. 325 సీసీ, ఆరున్నర హార్స్ పవర్. లీటరుకి ఎంతిచ్చేదో చెప్తే నమ్మరు. పికప్ ఎంతో చెప్తే నవ్వుతారు. దాన్ని ఏ బాబర్ చేస్తాం, పంపుసెట్టు చేయాలి.

కొల్లేటి_కుర్రోడు
నిన్న ఊరెళ్లా. బండి మీది నంబర్లు ఆర్సీతో సరిపోతాయో లేదో చూద్దామని కిరోసిన్ పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దా. చాసిస్ నంబరు హ్యాండిల్ కింద మెడ దగ్గర స్పష్టంగా ఉంది, ఆర్సీతో సరిపోయింది. ఇంజిన్ నంబరు సరిపోలేదు! ఒక అంకె కాదు, మొత్తం వేరే. నాన్నని అడిగితే తీరిగ్గా చెప్పారు, ఒకసారి ఇంజిన్ పగిలిపోతే తాతగారు మిలిటరీ వేలంలో వచ్చిన ఇంజిన్ కొని ఎక్కించారంట. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. క్రాంక్‌కేసు మీద రంగు గీకితే అడుగున ఆలివ్ గ్రీన్ కనపడుతోంది. ఇప్పుడేం చేయాలి?

పాతబండి_పిచ్చోడు
అయ్యో.

సిరిపురం_స్క్రాంబ్లర్
అయ్యో ఏంటి, శుభం! ఒరిజినల్ అన్న గొడవ తీరిపోయింది. ఇక కొయ్యి.

సెక్షన్_52
ఆగండి. ముందు రెన్యువల్ చేయించాలి కదా, అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రెండు నంబర్లూ పెన్సిల్‌తో ట్రేస్ తీస్తాడు. ఇంజిన్ నంబరు తేడా ఉంటే అక్కడే ఆపేస్తాడు. ఇంజిన్ మారిన సంగతి ఆర్సీలో ఎక్కించుకోవాలి, దానికి ఆ ఇంజిన్ కొన్న కాగితం కావాలి. వేలం రసీదు ఇంట్లో ఎక్కడైనా ఉందేమో బీరువాలన్నీ వెతుకు. అది దొరకడం మీదే అంతా ఆధారపడి ఉంది. బండి ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే వారసుల పేరుకి మార్పించే పని కూడా ముందుంది, నాన్నగారి సంతకం లేకుండా అదీ అవదు. కాబట్టి ఆయన్ని మంచి చేసుకో.

వింటేజ్ సంగతి ఇప్పుడు కష్టమే, మోసం చేసి ఎక్కించమని నేను చెప్పను.

ఆటోనగర్_లేత్
ఒక జాగ్రత్త. రేపు చాసిస్ శాండ్ బ్లాస్టింగ్‌కో పౌడర్ కోటింగ్‌కో ఇచ్చేముందు నంబరు మీద టేపు వేయించు. ఆ ఇసుక దెబ్బకి సగం అరిగిపోతుంది, మిగతా సగం పౌడర్ పూడ్చేస్తుంది. తర్వాత ట్రేస్ రాదు. నంబరు గీకేశావని దొంగబండి కేసు పెట్టినా పెడతారు.

స్క్రాంబ్లర్ తమ్ముడూ, ఇంజిన్ మిలిటరీదైతే ఏంటి, చాసిస్ 74దే. కోయడానికి అది కారణం కాదు.

ఓరుగల్లు_డుగ్‌డుగ్
నాకైతే మిలిటరీ ఇంజిన్ కథే మస్తు నచ్చింది. ఆ ఆలివ్ గ్రీన్ రంగు అట్లనే బయటపెట్టు, బండి మొత్తం అదే రంగు వెయ్. మ్యాట్ బ్లాక్ ప్రతీ గల్లీల ఉంది.

సెక్షన్_52
అయ్యా, ఆర్మీ రంగు మామూలు జనం బళ్లకి వేయకూడదు! నిబంధనల్లో ఉంది. 121వ నిబంధన చూడండి.

ఓరుగల్లు_డుగ్‌డుగ్
ఈయనకి నిద్రలో కూడా సెక్షన్లే వస్తయ్.

నెల్లూరు_నీల
మెరూన్‌కి వెళ్లు, ట్యాంకు మీద బంగారు గీతలతో. స్టిక్కర్ గీతలు కాదు. చెన్నైలో కంపెనీ బళ్లకి ఇప్పటికీ చేత్తో గీసేవాళ్లున్నారు, మన దగ్గర కూడా పాత సైన్‌బోర్డు పెయింటర్లు ఒకరిద్దరు దొరుకుతారు, గుర్రపు వెంట్రుకల పొడుగు కుంచెతో ఊపిరి బిగబట్టి ఒకే లాగుడులో లాగుతారు. మా ట్యాంకుకి అలాగే వేయించాం. దగ్గరికెళ్లి చూస్తే గీత మలుపు దగ్గర కొంచెం లావవుతుంది, అదే దాని అందం.

కొల్లేటి_కుర్రోడు
రసీదు కోసం అమ్మ ట్రంకు పెట్టె వెతుకుతోంది. నాన్న కొంచెం మెత్తబడ్డారు, "కోయకుండా అయితే సరే, ఖర్చు మాత్రం నీదే" అన్నారు. ప్రస్తుతానికి ఇంజిన్, బ్రేకులు, 12 వోల్టులు, సింగిల్ సీటు బోల్టులతో, వెనక 3.50. రంగు ఇంకా తేల్చుకోలేదు. లావు టైరు మీద ఆశ పూర్తిగా చావలేదు, చెప్పేస్తున్నా.

సిరిపురం_స్క్రాంబ్లర్
పాత సీటు పాన్, వెనక గ్రాబ్ రెయిల్ అటక మీద పెట్టే ఉద్దేశం లేకపోతే నాకమ్ము.

పాతబండి_పిచ్చోడు
అతనికి అమ్మొద్దు, నాకమ్ము.

కొల్లేటి_కుర్రోడు
ఇద్దరికీ లేదు 😀 లేత్ అన్నా, ఇంజిన్ మా ఊరి మెకానిక్‌తో దింపించి ఆటోలో మీ దగ్గరికి తెస్తే తీసుకుంటారా?

ఆటోనగర్_లేత్
తీసుకురా. దింపేటప్పుడు ప్రైమరీ కేసు (క్లచ్ మీది మూత) విప్పితే క్లచ్ సెంటర్ దగ్గర ఆగమను. దానికి పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) కావాలి, అతని దగ్గర లేకపోతే సుత్తి, ఉలి పెట్టి కొట్టనివ్వకు, అలాగే ఉంచి తీసుకురమ్మను. విప్పిన నట్లు, వాషర్లు పారేయకుండా డబ్బాలో వేసి తే, అవి పాత ఇంగ్లిష్ త్రెడ్డువి, ఇప్పుడు బజార్లో దొరకవు. ఆదివారం తప్ప ఎప్పుడైనా రా.